పరిగెత్తింది 101 కిలోల నేను.. వాచ్ లెక్క కట్టింది 118 కిలోల నన్ను!

2024 జులైలో నా బరువు 101.4 కిలోల దగ్గర ఆగిపోయింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు.. ఏకంగా ఐదు వారాలు. వారానికి నాలుగు రోజులు తెల్లారకముందే లేచి, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి పరిగెడుతున్నా. ప్రతి రన్ చివర్లో చేతికున్న వాచ్ వైబ్రేట్ అయ్యి '640 కేలరీలు' అని చూపిస్తోంది. రింగులన్నీ నిండుతున్నాయి, బ్యాడ్జీలు వస్తున్నాయి. వేయింగ్ మెషీన్ మీద అంకె మాత్రం కదలట్లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. టెస్టులన్నీ పాస్ అవుతాయి, ప్రొడక్షన్‌లో మాత్రం ఏదీ పనిచేయదు.

ఈ ఆర్టికల్‌లో డైట్ చిట్కాలు చెప్పట్లేదు. 118 కిలోల నుంచి 86 కిలోలకి వచ్చే దారిలో నేను వాడిన గ్యాడ్జెట్లలో ఏ నంబర్ నన్ను ముంచింది, ఏ నంబర్ కాపాడింది అన్నదే విషయం. కొత్త వాచ్ కొని "సోమవారం నుంచి రన్నింగ్" అనుకుంటున్నవాళ్లు ముందు ఇది చదవండి.

అసలు ఎందుకు మొదలైంది?

2024 జనవరిలో ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. వయసు 27, ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 118.2 కిలోలు. బీఎంఐ 39. మన దేశంలో డాక్టర్లు 25 దాటితేనే ఊబకాయం అంటారు. ఇవన్నీ నాకు తెలిసినవే, అద్దంలో కనపడుతున్నవే. తెలియనిది ఒక్కటే.. హెచ్‌బీఏ1సీ 6.2.

మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే టెస్ట్ అది. 5.7 లోపు ఉంటే నార్మల్, 6.5కి చేరితే డయాబెటిస్. నేను మధ్యలో ఉన్నా. మా నాన్నకి నలభై రెండేళ్లప్పుడు షుగర్ వచ్చింది. కాలికి చిన్న దెబ్బ తగిలితే మానడానికి రెండు నెలలు పట్టడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఆ వయసుకి నాకింకా పదిహేనేళ్లుంది అని లోలోపల ఒక ధీమా ఉండేది. ఆ రిపోర్ట్‌తో అది పోయింది.

మొదటి నాలుగు నెలలు పరిగెత్తలేదు. డాక్టర్‌ని కలిసి, ఆయన చెప్పినట్టు రోజూ నడిచా. ఫోన్‌లో ఒక క్యాలరీ యాప్ వేసుకుని తిన్నదంతా రాశా. వాచ్ లేదు, బ్యాండ్ లేదు. ఏప్రిల్ చివరికి 106 కిలోలు. పన్నెండు కిలోలు తగ్గిన ఉత్సాహంలో నాకు నేను ఒక గిఫ్ట్ ఇచ్చుకున్నా.. స్మార్ట్‌వాచ్.

వాచ్ వచ్చాక ఏం మారింది?

మేలో రన్నింగ్ మొదలుపెట్టా. మొదటి రోజు ఒక్క నిమిషం పరిగెత్తేసరికి ఊపిరి ఆడలేదు. పక్కనుంచి ఒక పెద్దాయన చేతులూపుకుంటూ నడుచుకుని నన్ను దాటి వెళ్లిపోయారు. అయినా వదల్లేదు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. జూన్ మధ్యకి అలా 5 కిలోమీటర్లు, 42 నిమిషాల్లో పూర్తి చేశా.

ఇక్కడే ఒక 'స్మార్ట్' పని చేశా. వాచ్‌ని క్యాలరీ యాప్‌కి లింక్ చేశా. పరిగెత్తినప్పుడల్లా వాచ్ చెప్పిన కేలరీలు యాప్‌లో నా తిండి బడ్జెట్‌కి కలుస్తాయి. 640 ఖర్చయ్యాయి కాబట్టి ఇంకో 640 తినొచ్చని యాప్ పచ్చరంగులో చూపిస్తుంది. రన్ అయిపోగానే టిఫిన్ సెంటర్‌లో నెయ్యి కారం దోశ, ఒక వడ. యాప్ పర్మిషన్ ఇచ్చింది కదా, తప్పేముంది అనుకున్నా.

అక్కడి నుంచే బరువు ఆగింది. కానీ నాకు అర్థమైంది వేరు. "తిండి కంట్రోల్‌లోనే ఉంది, యాప్ చెబుతోంది. కాబట్టి పరుగే చాలట్లేదు" అనుకున్నా. జులై మూడో వారంలో వారానికి 20 కిలోమీటర్లని 35కి పెంచా. ఆరు రోజులు పరుగు, ఒక్క రోజు రెస్ట్.

పదో రోజుకి కుడికాలి ముందు ఎముక లోపలి అంచున నొప్పి. మొదట పరిగెత్తినప్పుడే ఉండేది, తర్వాత ఆఫీసులో మెట్లు దిగుతున్నా తెలిసేది. ఆఖరికి కుంటుతూ ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఎక్స్‌రే తీశారు. అదృష్టం బాగుండి ఎముకకి ఏమీ కాలేదు, షిన్ స్ప్లింట్స్ అన్నారు. ఇలాగే ఇంకొన్నాళ్లు పరిగెడితే ఎముక చిట్లేదని కూడా అన్నారు. మూడు వారాలు పరుగు బంద్.

ఎందుకొచ్చిందో లెక్క వేస్తే అర్థమవుతుంది. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకి కాలి మీద పడే బలం శరీర బరువుకి సుమారు 2 నుంచి 3 రెట్లు. నా విషయంలో అది 200 నుంచి 300 కిలోలు. 5 కిలోమీటర్లలో అలాంటి అడుగులు ఆరు వేలకి దగ్గరగా పడతాయి. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకీ, కీళ్లకీ నెలలు కావాలి. నేనిచ్చింది పది రోజులు.

ఆ రాత్రి ఒంగోలు నుంచి నాన్న ఫోన్.

"ఏరా, కాలు ఎట్టా ఉంది?"

"పర్లేదు నాన్నా. వాచ్‌లో రికవరీ బాగానే ఉందని చూపించింది, అందుకే పరిగెత్తా."

"గడియారం చెప్పిందని పరిగెత్తావా? కాలు చెప్పలేదా నీకు?"

సమాధానం లేదు నా దగ్గర.

మూడు వారాల డీబగ్గింగ్

పరుగు లేదు కాబట్టి టైమ్ ఉంది. యాప్ డేటా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి స్ప్రెడ్‌షీట్‌లో వేశా. ఒక పెద్ద తప్పు దొరుకుతుందనుకున్నా. దొరికినవి నాలుగు చిన్న తప్పులు.

బగ్ 1: పాత బరువు. వాచ్ సెటప్ చేసినప్పుడు అది ఫోన్‌లో ఉన్న నా ప్రొఫైల్‌ని లాగేసుకుంది. అందులో జనవరిలో నేను ఎంటర్ చేసిన బరువు.. 118 కిలోలు! ఆ తర్వాత నేనెప్పుడూ మార్చలేదు. పరుగుకి ఒక సులువైన లెక్క ఉంది: కిలో బరువుకి, కిలోమీటర్ దూరానికి సుమారు 1 కేలరీ. 118 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెడితే 590. 101 కిలోల మనిషికి 505. అందులోనూ ఆ 42 నిమిషాలు మంచం మీద పడుకున్నా ఒక 70 కేలరీలు ఎలాగూ ఖర్చవుతాయి. అంటే పరుగు వల్ల అదనంగా ఖర్చయింది 435. వాచ్ చెప్పింది 640. తేడా రన్‌కి 200 పైనే. వారానికి 800.

బగ్ 2: డబుల్ కౌంటింగ్. వాచ్ రన్‌ని పంపిస్తోంది. జేబులో ఉన్న ఫోన్ అదే రన్‌లో వేసిన అడుగుల్ని వేరేగా పంపిస్తోంది. యాప్ రెండింటినీ కలిపేసుకుంటోంది. ఇది వారానికి ఇంకో 1,000.

బగ్ 3: పాత బడ్జెట్. బరువు తగ్గితే శరీరం ఊరికే ఉన్నప్పుడు ఖర్చు పెట్టే కేలరీలూ తగ్గుతాయి. డైటీషియన్లు వాడే మిఫ్లిన్-సెయింట్ జియర్ ఫార్ములాలో ఒక్కో కిలోకి 10 కేలరీలు. 17 కిలోలు తగ్గా కాబట్టి రోజుకి 170, వారానికి దాదాపు 1,200. యాప్ మాత్రం జనవరి బడ్జెట్టే ఇస్తోంది.

బగ్ 4: నేనే. వండకముందు బియ్యం తూచి, యాప్‌లో ఒక రోజు బియ్యం లెక్కలో, ఒక రోజు అన్నం లెక్కలో రాశా. 100 గ్రాముల బియ్యం అంటే 350 కేలరీలు, 100 గ్రాముల అన్నం అంటే 130 చిల్లర. హాస్టల్ కూరలో నూనె అసలు రాయలేదు. ఒక టేబుల్ స్పూన్ నూనెకే 120. తక్కువలో తక్కువ రోజుకి 150 చొప్పున వేసుకున్నా వారానికి 1,000 దాటుతుంది.

నాలుగూ కలిపితే వారానికి సుమారు 4,000. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. అంటే వారానికి అరకిలో తగ్గాల్సింది అచ్చంగా ఈ నాలుగు తప్పుల్లోకి పోయింది. నేను పెట్టుకున్న టార్గెట్ కూడా వారానికి అరకిలోనే. లెక్క సరిపోయింది!

వాచ్ లింక్ తీసేశా. బడ్జెట్ కొత్త బరువుతో మళ్లీ లెక్కించా. ఐదు వందల్లోపు దొరికే కిచెన్ స్కేల్ ఒకటి కొన్నా. ఒక్క కిలోమీటర్ కూడా పరిగెత్తని ఆ మూడు వారాల్లో 101.4 నుంచి 99.1కి వచ్చా. అందులో కొంత నీరే అయ్యుండొచ్చు, కాదనను. కానీ విషయం అర్థమైంది. బరువు తగ్గేది వంటింట్లో. పరుగు పని వేరే.

వాచ్‌దే తప్పా?

పూర్తిగా కాదు. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు మణికట్టుకి పెట్టుకునే ఏడు డివైజ్‌లని 60 మందితో పరీక్షించారు. ఏడింటిలో ఆరు హార్ట్ రేట్‌ని 5 శాతం లోపు తేడాతో కొలిచాయి. కేలరీల దగ్గరికొస్తే, అన్నిటికన్నా మెరుగైన డివైజ్ కూడా సగటున 27 శాతం తప్పింది. అధ్వానమైనది 93 శాతం. సెన్సర్లు అప్పటి నుంచి చాలా మారాయి, నిజమే. కానీ మూల సమస్య అదే. హార్ట్ రేట్‌ని సెన్సర్ కొలుస్తుంది. కేలరీలని ఎవరూ కొలవరు. మీ వయసు, బరువు, హార్ట్ రేట్, స్పీడ్ పెట్టి అల్గారిథమ్ అంచనా వేస్తుంది. ఇన్‌పుట్ తప్పైతే అవుట్‌పుట్ కూడా తప్పే.

స్క్రీన్ మీద రెండూ ఒకే ఫాంట్‌లో, ఒకే సైజులో, ఒకే ధీమాతో కనపడతాయి. మోసపోయేది అక్కడే.

రెండో ఇన్నింగ్స్: హార్ట్ రేటే స్పీడ్ లిమిట్

ఆగస్టు చివర్లో డాక్టర్ సరే అన్నాక మళ్లీ మొదలుపెట్టా. ఈసారి వాచ్‌లో కేలరీల స్క్రీన్ తీసేసి, హార్ట్ రేట్ ఒక్కటే పెద్దగా పెట్టా. రూల్ ఒక్కటే: 145 దాటితే నడక.

145 ఎందుకంటే, 220 నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ అని అందరూ చెప్పే లెక్క ప్రకారం నాకు 193. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేసే ఇంకో లెక్కలో 189. రెండూ అంచనాలే, మనిషి మనిషికి మారతాయి. అందులో మూడొంతులు అంటే ఇంచుమించు 145. అసలు పరీక్ష మాత్రం ఏ గ్యాడ్జెట్ అక్కర్లేనిది: పరిగెడుతూ పక్కవాడితో రెండు పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే స్పీడ్ ఎక్కువైనట్టే.

మొదటి వారమే ఒక వింత. నింపాదిగా పరిగెడుతున్నా, హాయిగా మాట్లాడగలుగుతున్నా. వాచ్ మాత్రం 168 అంటోంది. అనుమానమొచ్చి కేడెన్స్ చూశా. నిమిషానికి అడుగులు.. 168! సెన్సర్ నా గుండెని వదిలేసి అడుగుల్ని లెక్కపెడుతోంది. దీన్నే కేడెన్స్ లాక్ అంటారు. మణికట్టు వెనక ఉండే పచ్చ ఎల్‌ఈడీలు చర్మం లోపలికి కాంతి పంపి, రక్తప్రవాహంలో మార్పుని బట్టి గుండె కొట్టుకోవడాన్ని పసిగడతాయి. చేయి లయగా ఊగుతుంటే, పైగా వాచ్ వదులుగా ఉంటే, అడుగుల లయనే గుండె లయ అనుకుంటాయి.

వదులెందుకైంది? మే నెలలో స్ట్రాప్‌ని నాలుగో రంధ్రంలో పెట్టేవాణ్ని. సెప్టెంబర్‌కి మణికట్టు కూడా సన్నబడింది, స్ట్రాప్ మాత్రం అదే నాలుగో రంధ్రంలో ఉంది. మళ్లీ అదే కథ, పాత నాకు సెట్ చేసిన సెట్టింగ్! రెండు రంధ్రాలు బిగించి, మణికట్టు ఎముకకి వేలెడు పైకి జరిపితే చాలావరకు సరైంది. తర్వాత ఒక చెస్ట్ స్ట్రాప్ కొన్నా. అది కాంతితో కాదు, గుండె విద్యుత్ సిగ్నల్‌తోనే కొలుస్తుంది కాబట్టి ఈ గొడవే లేదు.

ఈ స్పీడ్ లిమిట్‌తో మొదట్లో అవమానంగా ఉండేది. కిలోమీటర్‌కి 9 నిమిషాలు. అందులో సగం నడకే. వారానికి మూడు రోజులే పరుగు, మధ్యలో రెస్ట్. దూరం వారానికి ఒకటి రెండు కిలోమీటర్లకి మించి పెంచలేదు. కానీ అక్టోబర్‌లో ఒక పొద్దున, అదే 145 లోపు, నడవకుండా 3 కిలోమీటర్లు పరిగెత్తేశా. డిసెంబర్‌లో 5. కాలు ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు. లేచిన వెంటనే కొలిచే రెస్టింగ్ హార్ట్ రేట్ మేలో 82 ఉండేది, డిసెంబర్‌కి 64. పరుగు పని ఇదీ.

మిగతా నంబర్ల సంగతి

వేయింగ్ మెషీన్: రోజూ చూడండి, కానీ ఏ ఒక్క రోజు అంకెనీ నమ్మొద్దు. ఆదివారం బిర్యానీ తింటే సోమవారం 1.3 కిలోలు పెరిగి కనపడేది. అది కొవ్వు కాదు, ఉప్పు పట్టి ఉంచిన నీరు. ఏడు రోజుల సగటు తీసి, వారం వారం దాన్నే పోల్చుకోండి.

బాడీ ఫ్యాట్ శాతం: స్మార్ట్ స్కేల్ కాళ్ల గుండా చిన్న కరెంట్ పంపి అంచనా వేస్తుంది. ఒంట్లో నీరు మారితే జవాబు మారిపోతుంది. ఒకే పొద్దున నీళ్లు తాగకముందు, తాగాక నాకు రెండు రకాలుగా చూపించింది. నేనైతే చూడటం మానేశా. నడుము కొలత టేప్ దీనికన్నా నయం.

వీఓ2 మ్యాక్స్: ఇది కిలో బరువుకి లెక్క కట్టే నంబర్. బరువు తగ్గితే ఫిట్‌నెస్ మారకపోయినా పెరిగినట్టు కనపడొచ్చు. ప్రొఫైల్‌లో బరువు పాతదైతే దీన్ని కూడా నమ్మలేం.

జీపీఎస్: హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది. నేనొకసారి మ్యాప్ ప్రకారం ఒక ఆఫీసు టవర్ లోపల్నుంచి పరిగెత్తా! డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఉన్న వాచ్‌ల్లో ఇది బాగా తగ్గుతుంది. ఏదైనా సరే, ఆ క్షణం స్పీడ్ చూడకండి, కిలోమీటర్ సగటు చూడండి.

ఇంకో మాట, దీనికి సెన్సర్ లేదు. లావుగా ఉన్నప్పుడు పరిగెడితే తొడలు ఒరుసుకుని మండుతాయి. ఎవరూ చెప్పరు. కాస్త వాజిలిన్, పొడుగు కంప్రెషన్ షార్ట్స్.. సమస్య తీరిపోతుంది. బడ్జెట్ తక్కువుంటే ముందు మంచి షూస్, తర్వాత కిచెన్ స్కేల్, ఆ తర్వాతే వాచ్. ఇది గ్యాడ్జెట్ సైట్ అయినా సరే, నా ఆర్డర్ ఇదే.

ఇప్పుడెలా ఉంది?

2025 మార్చిలో 86 కిలోలు. హెచ్‌బీఏ1సీ 5.4. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 10కే పరిగెత్తా. గంటా 14 నిమిషాలు. ఆ ఉక్కపోతలో, ఆ ఎత్తుపల్లాల్లో మూడు చోట్ల నడిచా, ఏమీ సిగ్గుపడలేదు. ఇప్పటికీ బీఎంఐ 28 పైనే. ఇంకా దారి ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా పాత వాచ్ నాన్న చేతికి కట్టా. సాయంత్రం ఇద్దరం నడకకి వెళ్లాం. తిరిగొచ్చాక ఆయన వాచ్ చూసుకుని, "మూడొందల కేలరీలు అంటరా ఇది, ఒక అరిసె తినొచ్చా?" అన్నారు.

"ఆ నంబర్ చూడకు నాన్నా. పక్కన గుండె బొమ్మ ఉంది చూడు, అది చూడు చాలు."

అరిసె మాత్రం ఇద్దరం సగం సగం తిన్నాం.

మీరు ఇది చదవడం అయిపోయాక ఒక్క పని చేయండి. అర నిమిషం పడుతుంది. మీ వాచ్ యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో మీ బరువు ఎంత ఉందో చూడండి. అది ఇవాళ్టి మీరేనా, లేక ఆ రోజు బాక్స్ ఓపెన్ చేసిన మీరా? పాతదైతే మార్చేయండి. స్ట్రాప్ కూడా ఒక రంధ్రం బిగించండి.